ఆర్డితమ్మ తాగని గహ్వా

ఆ రోజు పొద్దున బుచ్చన్న వేసుకున్న పథకం చాలా చిన్నది. మామా గహ్వా అనే తన అరబ్బు కాఫీ తాగి, రెండో ఖర్జూరం నోట్లో వేసుకునే సమయానికి ఎదురుగా నిలబడి "సెలవు" అనే ఒక్క మాట అనాలి. అంతే.

సౌదీలోని అల్ ఖర్జ్‌లో ఆ ఇంటికి అతను పద్దెనిమిదేళ్ళుగా డ్రైవరు. మామా అంటే ఇంటి పెద్దావిడ. డెబ్బై ఎనిమిదేళ్ళ వయసు, అరిగిపోయిన మోకాళ్ళు, చక్రాల కుర్చీ. గల్ఫ్ ఇళ్ళలో పనివాళ్ళు యజమానిని బాబా అని, యజమానురాలిని మామా అని పిలుస్తారు. కన్నతల్లిని చూడడానికి సెలవు దొరకనివాళ్ళు ఎవరినో ఒకరిని అమ్మా అనాలి కదా.

బుచ్చన్న ఊరికి పోయి మూడేళ్ళయింది. పోయిన వారం భార్య లస్మవ్వ ఫోన్లో ఏడవలేదు, తిట్టలేదు. "ఈ బతుకమ్మకు నువ్వు రావాలె. నన్ను ఒక్కపారి ఏడికన్న తోల్కపోవాలె. జగిత్యాల దాటి నీతోని ఏడికి పోలే నేను" అంది. ఇరవై ఆరేళ్ళ కాపురంలో ఆమె అడిగింది అదొక్కటే. తిడితే సర్దిచెప్పవచ్చు, ఏడిస్తే ఊరుకోబెట్టవచ్చు. మెత్తగా అడిగితే మగవాడు ఏం చేస్తాడు?

వంటింటి గుమ్మంలో మహబూబ్బీ అడ్డం పడింది. రాయచోటి నుంచి వచ్చి తొమ్మిదేళ్ళుగా ఆ ఇంట్లో వండుతున్న మనిషి.

"ఇప్పుడు పోవద్దన్నా. మామా ఫోన్లో ఎవురో అమెరికా ముసలామెతో మాట్లాడి ఏడుస్తా ఉండాది."

"ఏడ్సినంక మనసు మెత్తగైతది చెల్లే. గప్పుడే అడగాలె."

"పో అయితే. తొందరగా పోయి తొందరగా రా. నువ్వొచ్చినాకనే నన్ను పంపేది. ఇద్దర్నీ ఒకేసారి ఇడ్సరు గదా."

బుచ్చన్న పోయి నిలబడ్డాడు. నోరు తెరవబోయేంతలో మామా కళ్ళు తుడుచుకుంటూ తనే అంది. "బుషన్నా, నీ పాస్‌పోర్టు మా సాలెహ్ దగ్గరే ఉంది కదా? వాడికి రెండు ఫొటోలు ఇవ్వు. ప్రయాణం ఉంది." అరబ్బులకు 'చ' పలకదు గనక ఆ ఇంట్లో అతను మొదటి నుంచీ బుషన్నే.

పాస్‌పోర్టు, ఫొటోలు, ప్రయాణం. గల్ఫ్‌లో ఈ మూడు మాటలు వరసగా వినబడితే ఇంటికి పంపుతున్నారనే అర్థం. వేరే అర్థం ఉంటుందని ఏ పనివాడికీ తోచదు. అడక్కుండానే తన మనసు తెలుసుకున్న ఆ తల్లికి బుచ్చన్న చేతులు జోడించి, మాట రాక, బయటికొచ్చి తుడిచిన బండినే మళ్ళీ తుడిచాడు.

ఆ సాయంత్రమే ఊరికి ఫోన్ పోయింది. మర్నాటికి లస్మవ్వ గోడలకు సున్నం మొదలుపెట్టింది. నాలుగో రోజుకు "మా ఇంటాయన అస్తుండు" అన్న మాట ఊరు దాటి ఆమె పుట్టింటికి పోయింది. బుచ్చన్న రెండు కంబళ్ళు, సబ్బులు, తలనొప్పి మందు సీసాలు కొని అట్టపెట్టెలో కుక్కి, తాడు కట్టి, పైన ఊరు పేరు పెద్దక్షరాలతో రాశాడు.

మూడు వారాలకు మామా కొడుకు సాలెహ్ పిలిచాడు. నలభై దాటిన ఇంజనీరు, మెత్తని మనిషి. "మంగళవారం రియాద్‌లో నీకు ఇంటర్వ్యూ. అమెరికా ఎంబసీ" అన్నాడు.

బుచ్చన్న కాసేపు ఆలోచించాడు. "అయితే బాబా, హైదరాబాదుకు విమానం అమెరికా మీదికెళ్ళి పోతదా?"

పోదని తెలియడానికి ఎంతోసేపు పట్టలేదు. సాలెహ్ కుర్రతనంలో సాల్ట్ లేక్ సిటీ అనే ఊళ్ళో ఐదేళ్ళు చదివాడు. ఉప్పు చెరువు పక్కన ఉండే ఊరు. తమ మతాన్ని తమ మానాన పాటించుకునే చోటు కోసం పూర్వం కొందరు వేల మైళ్ళు నడిచి వచ్చి కట్టుకున్నారట. అక్కడ ఆర్డిత్ అనే ఆవిడ ఇంటి మేడ మీది గదిలో అద్దెకుండి, ఆమె చేతి తిండి తిన్నాడు. ఇప్పుడు ఆమెకు ఎనభై ఆరు. తన కొడుకును సాకిన ఆ చేతుల్ని చావకముందు ఒకసారి పట్టుకోవాలని మామా పట్టు.

"ఇరవై రోజులు. అమ్మ కుర్చీని నువ్వు తోస్తేనే ఎక్కుతుంది. నేను తోస్తే ప్రతి గడపకూ గుద్దేస్తానట" అన్నాడు సాలెహ్.

ఆ ఇరవై రోజులూ సరిగ్గా బతుకమ్మ, దసరా. తిరిగొచ్చాక మహబూబ్బీ వంతు. ఆ తరవాత రంజాను. అప్పుడు సెలవు మాటెత్తితే ఎత్తినవాడిదే తప్పు. "నేను రాను" అనవచ్చు. కానీ అన్నేళ్ళుగా "హాదిర్, చిత్తం" అని అరిగిన నోరు అది. అందులో 'కాదు' అనే మాట ఎప్పుడో ఊడిపోయింది, పన్ను ఊడినట్టు.

శుక్రవారం నాగేందర్ వచ్చాడు. పక్కనే పాల ఫారంలో ఆవుల పాలు పిండే మెట్‌పల్లి మనిషి. ప్రపంచంలో అతనికి తెలియని సంగతి ఉంటే అది ఇంకా జరగలేదన్న మాట.

"అమెరికా ఇసా తెచ్చుకునుడు కష్టం గని, రాకుండ జేసుకునుడు అల్కన బావా. మా మేనల్లుడు మూడుసార్లు పోయిండు, మూడుసార్లు ఎల్లగొట్టిండ్రు. వాడు జెప్పిందే నువ్వు జెప్పు."

"వాడేం జెప్పిండు?"

"అమెరికా అంటె పాణమన్నడు. చుట్టాలున్నరన్నడు. అన్ని జూసి నిమ్మళంగ అస్తనన్నడు. ఆ 'నిమ్మళంగ' కాడ్నే దొరికిండు."

బుచ్చన్న నాలుగు రోజులు కారులో ఒక్కడే కూర్చుని ఆ అబద్ధాల్ని హిందీలో వల్లించాడు.

ఎంబసీ హాలులో అందరూ కోట్లు వేసుకుని, ఫైళ్ళను పసిపిల్లల్లా గుండెకు హత్తుకుని కూర్చున్నారు. బుచ్చన్న డ్రైవింగు చొక్కాలో, వట్టి చేతులతో అద్దం ముందు నిలబడ్డాడు. అవతల ఒక తెల్ల అమ్మాయి, పక్కన తర్జుమా చేసే హైదరాబాదీ పెద్దమనిషి.

"ఈ కుటుంబం దగ్గర ఎన్నాళ్ళుగా పని?"

"పద్దెనిమిదేళ్ళు."

"మీ ఇంటి దగ్గర ఎవరున్నారు?"

గల్ఫ్‌కు వచ్చాక అతన్ని చాలామంది చాలా అడిగారు. కార్డు అడిగారు, లైసెన్సు అడిగారు, బండి ఎందుకు ఆలస్యమైందని అడిగారు. ఇంటి దగ్గర ఎవరున్నారని అడిగినవాళ్ళు లేరు. వల్లించిన హిందీ ఎగిరిపోయి, నోట్లోంచి అచ్చం ఊరి తెలుగు ఊడిపడింది.

"లస్మవ్వ ఉన్నది మేడం. గోడలకు సున్నమేసి కూసున్నది. నేనస్తున్ననని ఊరంత చెప్పుకున్నది. మీ అమెరికా మీద నాకేం కోపం లేదు గని, నాకద్దు. మీరు కాదంటె నేను ఇంటికి పోత. మీకు దండం పెడ్త, కాదనుండ్రి."

హైదరాబాదీ పెద్దమనిషి రెండుసార్లు గుటక మింగి తర్జుమా చేశాడు. ఆ అమ్మాయి పెన్ను కింద పెట్టి బుచ్చన్నను చూసింది.

"ఈ మనిషి తిరిగి ఇంటికి పోతాడా లేదా అన్నదొక్కటే నేను రోజంతా వెతికేది" అంది. "ఇంత గట్టి రుజువు నాకెవరూ చూపించలేదు. మీ వీసా మంజూరు చేస్తున్నాను."

"మేడం, మల్ల ఒక్కపారి ఆలోచన జెయ్యుండ్రి" అన్నాడు బుచ్చన్న. పెద్దమనిషి ఆ ముక్కను తర్జుమా చెయ్యలేదు.

వీసా సంగతి వినగానే నాగేందర్ అసలు పథకం ఏమిటో మరిచిపోయి సంతోషం పట్టలేకపోయాడు. బుచ్చన్న ఫొటోకు దండలు, జెండాలు అతికించి "మన బుచ్చన్న బావకు అమెరికా వీసా, శుభాకాంక్షలు" అని మండలం మొత్తానికి వాట్సాప్‌లో పంపాడు. లస్మవ్వకు ఆ సంగతి కిరాణా కొట్టు దగ్గర, పప్పు తూకం వేయించుకుంటుండగా తెలిసింది.

"ఎవలో ముసలమ్మను అమెరికా తోల్కపోతున్నవట" అంది ఫోన్లో.

"అది గాదే లస్మీ, జెర ఇను..."

"మంచిగ తోల్కపో. ఆడ సలి పెడ్తదట. దుప్పటి కప్పు ఆమెకు."

ఆ తరవాత ఆమె ఫోన్ ఎత్తలేదు. ఆడమనిషి తిట్టే తిట్టుకు జవాబుంటుంది గాని, ఎత్తని ఫోనుకు ఏముంటుంది?

సద్దుల బతుకమ్మకు రెండు రోజుల ముందు ముగ్గురూ సాల్ట్ లేక్ సిటీలో దిగారు. ఊరి చుట్టూ కొండలు, కొండల నెత్తిన అప్పుడే పడిన మంచు. ఎడ్లబండి వెనక్కి తిప్పుకోవడానికి వీలుగా ఆనాడే వేసుకున్నారేమో అనిపించేంత వెడల్పు వీధులు. ఆర్డితమ్మ సన్నగా, నిటారుగా, చీపురుపుల్లలా ఉంది. మామా కుర్చీ ముందు మోకాళ్ళ మీద కూర్చుని ఆమె రెండు చేతులూ పట్టుకుంది. ఒకరి భాష ఒకరికి రాదు. సాలెహ్ మధ్యలో నిలబడి పది నిమిషాలు తర్జుమా చేశాడు. తరవాత తన అవసరం లేదని తెలిసి పక్కకు జరిగాడు.

మరో రోజు ఆర్డితమ్మ ఊరు చూపిస్తూ ఒక కంచు బొమ్మ దగ్గరికి తీసుకుపోయింది. ఎద్దులు కొనలేని పేదవాళ్ళు తోపుడుబండి లాంటి దాని మీద సామానేసుకుని, తామే లాగుతూ వచ్చారట. వాళ్ళలో ఆమె ముత్తవ్వ, ముత్తాత కూడా ఉన్నారు. బొమ్మలో మొగుడు ముందు లాగుతున్నాడు. పక్కనే పెళ్ళాం. బండి మీద బిడ్డ.

బుచ్చన్న కుర్చీ తోయడం ఆపేశాడు.

"ఏం చూస్తున్నాడు?" అంది ఆర్డితమ్మ.

"బాబా, అడగుండ్రి" అన్నాడు బుచ్చన్న. "బండికి ఎడ్లు సుత లేనోడు పెండ్లాన్ని ఎంబడి తోల్కపోయిండా?"

"తోవలో ఇద్దరు పిల్లల్ని పాతిపెట్టారు" అంది ఆమె. "కానీ ఒకరినొకరు వదల్లేదు."

"నేను విమానాలెక్కి తిరుగుతున్న. నా లస్మవ్వను జగిత్యాల దాటియ్యలే." ఆ మాట అని, బుచ్చన్న మళ్ళీ కుర్చీ పట్టుకున్నాడు. సాలెహ్ తర్జుమా చేశాడు.

వారం గడిచాక అసలు ప్రమాదం వచ్చింది. తాము దిగిన అద్దె ఇంటికి ఆర్డితమ్మను పిలిచి, తన చేత్తో గహ్వా పోయాలని మామా నిశ్చయించింది. దానికోసం ఏలకులు, కుంకుమపువ్వు, గింజలు, పొడుగు ముక్కు ఇత్తడి కూజా అల్ ఖర్జ్ నుంచి మోసుకొచ్చింది. ఆర్డితమ్మను తీసుకురావడానికి పోతూ కారులో సాలెహ్ స్టీరింగు మీద తల పెట్టాడు.

"వీళ్ళ మతంలో కాఫీ ముట్టరు బుషన్నా. టీ కూడా ముట్టరు. ఆమె ఇంట్లో ఐదేళ్ళూ నేను పాలు తాగి బతికాను."

"మరి మామాకు తెల్వదా?"

"పొద్దున్నే గహ్వా దొరికిందా అని అమ్మ రోజూ ఫోన్లో ఏడ్చేది. ఆర్డిత్ రోజూ కాచి ఇస్తుందని చెప్పాను. ఆ గహ్వా రుణం తీర్చుకోవడానికే అమ్మ ఇంత దూరం వచ్చింది."

బుచ్చన్నకు మొదటిసారి యజమాని మీద జాలి కలిగింది.

మామా ఎడమచేత్తో కూజా ఎత్తి, కుడిచేత్తో చిన్న కప్పు అందించింది. ఆర్డితమ్మ రెండు చేతులా అందుకుంది. వాసన చూసింది. నవ్వింది. మెల్లగా బల్ల మీద పెట్టేసింది.

గది బిగుసుకుపోయింది. ఎడారి మనుషుల్లో ఒక ఆచారం ఉంది. అతిథి గహ్వా తాగకుండా కింద పెట్టాడంటే అతనికొక మనవి ఉన్నట్టు. అది తీరుస్తామని మాట ఇస్తేనే తాగుతాడు. తీర్చలేని ఇల్లు తలెత్తుకుని తిరగలేదు. మామా వెన్ను నిటారైంది. కుర్చీలో ఉన్న మోకాళ్ళ నొప్పుల ముసలామె పోయి, ఎవరో తెగ నాయకుడి కూతురు కూర్చుంది.

"ఆమెకేదో కావాలి. ఏమిటో అడగమను. ఏదైనా ఇస్తాను" అంది.

సాలెహ్ ముఖాన చెమటలు కారాయి. ఇంగ్లీషులో గబగబా ఏదో చెప్పుకొచ్చాడు. ఆర్డితమ్మ విన్నది. ఒక్క మాటతో అబద్ధం బయటపడేది. కానీ ఇరవై ఏళ్ళ వయసులో కిటికీ అద్దం పగలగొట్టినప్పుడు ఆ పిల్లాడి ముఖం ఇలాగే అయిందని ఆమెకు గుర్తొచ్చినట్టుంది.

"ఏది అడిగినా ఇస్తుందా?"

"ఇవ్వక తప్పదు."

ఆమె గదంతా చూసి, కుర్చీ వెనక నిలబడ్డ బుచ్చన్న దగ్గర ఆగింది. "ఈ అబ్బాయిని వాళ్ళావిడ దగ్గరికి పంపమను. రేపే. కుర్చీ తోయడానికి నాకు పద్నాలుగుమంది మనవళ్ళున్నారు."

సాలెహ్ అరబీలో చెప్పాడు. మామా తల తిప్పి బుచ్చన్నను చూసింది. పద్దెనిమిదేళ్ళలో అంతసేపు ఎప్పుడూ చూడలేదు.

"ఇచ్చాను" అంది. "ఇప్పుడు తాగమను."

సాలెహ్ పైకప్పు వైపు చూశాడు. మనవి తీరాక కప్పు ముట్టకపోతే అది తిట్టు కిందే లెక్క. ఆర్డితమ్మ వేళ్ళు ఒళ్ళో ఒకదాన్నొకటి పట్టుకున్నాయి. అప్పుడు బుచ్చన్న ముందుకొచ్చి, బల్ల మీది కప్పు తీశాడు.

"మామా, ఆమె అడిగిన మనవి నాది. గహ్వా సుత నాదే" అని ఒక్క గుక్కలో తాగేశాడు. మామా ఒక్క క్షణం చూసి మళ్ళీ పోసింది. తాగాడు. మళ్ళీ పోసింది. నాలుక కాలినా తాగి, ఇక చాలన్నట్టు కప్పు ఊపి ఇచ్చాడు. సాలెహ్ అంత గట్టిగా ఊపిరి వదలడం అతనెప్పుడూ వినలేదు.

మర్నాడు మామా విమానాశ్రయానికి తనే వచ్చింది. ఆరడుగుల మనవడొకడు కుర్చీ తోస్తూ తలుపు తలుపుకూ గుద్దుతున్నాడు. సాలెహ్ టికెట్టు కోసం పోగానే ఆమె బుచ్చన్నను దగ్గరికి పిలిచింది.

"వారం నుంచి ఆమె వంటింట్లో కూర్చుంటున్నాను. కాఫీ వాసన లేని ఇల్లు నాకు తెలియదా? నా మోకాళ్ళు పోయాయి గాని ముక్కు పోలేదు."

బుచ్చన్న నోరు తెరిచాడు. "తెల్సి మరెందుకు పోసిండ్రు మామా?"

"నా కొడుకు ఇరవై ఏళ్ళు ఆడిన అబద్ధం. వాడికి చెమట పట్టడం చూడాలనుకున్నాను. చూసింది అది కాదు. వారం రోజుల్లో ఆమెకు కనబడింది నాకు ఇన్నేళ్ళలో కనబడలేదు. నువ్వైనా అడిగావా? బండి తియ్యనా అని తప్ప నన్నొక్క మాట అడిగావా?"

బుచ్చన్న వంగి, ఆమె ఒళ్ళో జారిన దుప్పటిని సరిగ్గా కప్పాడు.

లస్మవ్వ ఫోన్ ఎత్తకపోయేసరికి పక్కింటి ముత్యవ్వకు చేశాడు. రైలు చప్పుడు వినబడింది.

"ఏడున్నవే అక్కా?"

"రైల్ల. నీ పెండ్లం మాతోనే ఉన్నది. ఆయన దేశాలు తిరుగుతుంటె నేను సున్నమేసిన గోడలు జూసుకుంట కూసోవాల్నా అని, దసరా ఎల్లంగనే మమ్ముల నలుగుర్ని ఎల్లదీసింది. కాశికి పోతున్నం."

"నేనస్తున్నని చెప్పు. రేపటెల్లుండికల్ల అస్తున్న!"

అవతల ఏదో గుసగుస. "ఇంటికి తాళమున్నదట. తాళం చెవి ఆమె కొంగుకే ఉన్నదట" అంది ముత్యవ్వ.

బుచ్చన్న టికెట్టు కౌంటరు దగ్గరికి పరుగెత్తాడు. "బాబా, హైదరాబాదు గాదు. కాశి!"

మూడో రోజు పొద్దున, గంగ ఒడ్డు మెట్ల మీద ఆరేసిన చీరల నడుమ అతనికి లస్మవ్వ కనబడింది. తలారబెట్టుకుంటోంది. జుట్టు నెరిసింది. అది ఫోన్లో ఎప్పుడూ కనబడలేదు. ఆమె అతన్ని కాళ్ళ నుంచి తల దాకా చూసి, "అచ్చినవా" అని, కూర్చోవడానికి కొంచెం జరిగింది. బుచ్చన్న పక్కన కూర్చున్నాడు. జగిత్యాల దాటి ఇద్దరూ ఒక్కచోట కూర్చోవడం అదే మొదలు. కాశీకి పోయినవాళ్ళు తమకు ఇష్టమైనదేదో ఒకటి గంగలో విడిచి రావాలని కదా ఆచారం. అదే అడిగాడు.

"ఏం విడిసినవే?"

"కోపం విడుద్దామనుకున్న" అంది లస్మవ్వ నీళ్ళ వైపు చూస్తూ. "నువ్వస్తున్నవని ముత్యవ్వ చెప్పె. ఇంక పనికస్తది గద అని, కాకరకాయ విడిసిన."

లస్మవ్వ పుట్టి బుద్ధెరిగాక కాకరకాయ నోట పెట్టలేదు.